ముప్పై ఎనిమిది యూరోల సీసా

త్రియెస్తెలో కొన్నాను,
మూడు మెట్లు దిగితే వచ్చే దుకాణంలో.
అమ్మేవాడు చంటిబిడ్డను అందించినట్టు
రెండు చేతులతో అందించాడు.
"నెబ్బియోలో" అన్నాడు గొంతు తగ్గించి,
ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు.

ముప్పై ఎనిమిది యూరోలు.
ఆ డబ్బుకి మా కార్స్ట్ ఎర్రమన్నులో పండిన తెరాన్
నెల్లాళ్లకు సరిపడా వస్తుంది,
పైన ఎండబెట్టిన పంది తొడ ముక్క కూడా.
అయినా కొన్నాను.
మా పెళ్లికి ముప్పై ఏళ్లు,
ఒక్కసారైనా దొరబాబులా ఉండాలని.

మూడు రోజులుగా బోరా గాలి.
కప్పు మీద పెంకులు లేచిపోకుండా పెట్టిన రాళ్లు
అటూ ఇటూ మెదులుతున్నాయి.
ఆ గాలిలోనే వచ్చారు
రాళ్లు చెక్కే స్తోయాన్,
తపాలా ఆఫీసులో రిటైరైన వాళ్లక్క ల్యుద్మిలా.

మూత తీశాను. అందరం ఊపిరి బిగబట్టాం.
వగరు ముందొచ్చి కూర్చుంది.
మిగతా చుట్టాల కోసం చూశాం, చూశాం,
ఎవరూ రాలేదు.

"తడిసిన గొడుగు," అన్నాడు స్తోయాన్.
"కాదు, రైలు పెట్టెలో పాత సీటు,
నవంబర్ నెలది," అంది ల్యుద్మిలా.
నాకు మటుకు, కథ మొదలుపెట్టి
సగంలో మర్చిపోయినవాడు గుర్తొచ్చాడు.
దుకాణంవాణ్ణి తిట్టాను.
గాజు గ్లాసుల్ని తిట్టాను.
సీసాని నిలబెట్టి తెచ్చినందుకు
బస్సును కూడా తిట్టాను.

"నాకు బాగుంది," అంది నేవెంకా.

ఎవరం వినిపించుకోలేదు.
గ్లాసు ముందుకు జరిపింది.
"ఇంకొంచెం పొయ్యి."

నా మనసు చిన్నబోకుండా అంటోందనుకున్నాను.
"పోనీలే, వంటలోకి వాడదాం,
కిందనుంచి తెరాన్ తెస్తానుండు," అని లేచాను.
"నాకొద్దు," అంది.
"తెరాన్ నాకెప్పుడూ పడలేదు."
ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా.

"ముప్పై ఏళ్లుగా తాగుతున్నావు!"

"ముప్పై ఏళ్లుగా పోస్తున్నావు."

స్తోయాన్ మాంసం ముక్కలో
నరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.
ల్యుద్మిలా నవ్వింది.
ఊరందరి పోస్టుకార్డులూ చదివిన మనిషి,
ఆమెకిది కొత్త కాదు.

నేవెంకా చెప్పింది, నన్ను చూడకుండా,
గ్లాసులోకి చూస్తూ:
బాలింతగా ఉన్నప్పుడు రక్తం పడుతుందని
మా అమ్మ పొద్దునొక గ్లాసు, రాత్రొక గ్లాసు,
గుడ్డు సొన కొట్టి మరీ ఇచ్చేదట.
ఖాళీ అయ్యేదాకా మంచం పక్కనే నిలబడేదట.
ఇనప గరిటె చీకినట్టుండేదట.
"మీ నాన్న నాటిన తీగలాయె.
ఎవరితో అనను?"

ఆ తీగల మీదే ప్రమాణం చేసేవాణ్ణి
మా ఇంట్లో అందరికీ తెరాన్ అంటే ప్రాణమని.
నాలుగు నాలుకలు, నాలుగు సాక్ష్యాలు,
ఏ కోర్టూ తేల్చని కేసు అనుకున్నానా,
నేను ముద్దాయినని
అప్పటిదాకా తెలియలేదు.

వాళ్లు వెళ్లారు. తలుపు వేయడానికి
ఇద్దరం కలిసి నెట్టాల్సొచ్చింది.
ఉబ్బిన బిరడాను తిరగేసి సీసాకి బిగించింది నేవెంకా,
లేబుల్ మీద పెన్సిల్‌తో
తన పేరులో మొదటి అక్షరం రాసి
కిటికీ దగ్గర పెట్టింది.

గ్లాసులు కడుగుతూ
ఆమె గ్లాసు అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకున్నాను.
ఏమో, ఈసారైనా,
ఆమెకు దొరికింది నాకు దొరుకుతుందేమోనని.
అదే తడిసిన గొడుగు.

పక్క మీద చాలాసేపు నిద్ర పట్టలేదు.
బయట కిటికీ రెక్కలు టకటకమంటున్నాయి.
"నేవెంకా,
ఆ రెక్కలకి వేయించిన ఆకుపచ్చ రంగు...
అది నీకిష్టమేగా?"

పైన ఒక రాయి కదిలి, మళ్లీ సర్దుకుంది.

"పడుకో, అవ్‌గుస్త్," అంది.